గ్రేవీనా, వేపుడా

మొదట వినాలంది వెర్నా.
చూడటం తర్వాత.

హికరీ చెట్టుకి వీపులు ఆనించి కూర్చున్నాం.
డెబ్బై రెండేళ్ళ ఆమె మోకాళ్ళ మీద
వాళ్ళ నాన్న నాటి ట్వంటీటూ రైఫిలు,
నా మోకాళ్ళ మీద కాఫీ ఫ్లాస్కు.
అర్కన్సా కొండల్లో అక్టోబరు, ఇంకా సగం చీకటి.
పైనెక్కడో కాయ కొరుకుతున్న చప్పుడు.
పొట్టు రాలుతోంది ఎండుటాకుల మీద,
ఎవరో జల్లెడ పడుతున్నట్టు.

ఉడుత ఊపులంటే ఉత్త బెదిరింపులని కదా మన మాట.
దీని ఊపుకి కొమ్మ నిజంగానే వంగింది.
పిల్లికూనంత ఉంది. బూడిద రంగు.
వీపున గీతల్లేవు,
ఏ దేవుడూ నిమరలేదు దీన్ని.

మమ్మల్ని పసిగట్టి మానుకి అటుపక్కకి జరిగింది.
వెర్నా గడ్డంతో సైగ చేసింది.
నేను లేచి ఆకులు తొక్కుకుంటూ, కావాలనే చప్పుడు చేస్తూ,
చెట్టు చుట్టూ నడిచాను.
నన్ను తప్పించుకోబోయి
అది ఆమె వైపు తిరిగింది.
ఒకటే దెబ్బ.
కొండ దాన్ని ఒకసారి తిరిగి చెప్పి ఊరుకుంది.

పొద్దెక్కేసరికి మూడు.

పెరట్లో బల్ల, బకెట్లో నీళ్ళు.
ముందు తడపాలి, లేకపోతే
వెంట్రుకలు మాంసాన్ని అంటుకుని ఒక పట్టాన వదలవు.
తోక కింద గాటు, ఎముక తెగేదాకా,
పైతోలు మాత్రం తెగకుండా.
తోకని బూటు కింద తొక్కిపట్టి
వెనక్కాళ్ళు పట్టుకుని పైకి లాగింది.
చొక్కా విప్పినట్టు వచ్చేసింది
మెడదాకా.
తర్వాత లాగు.
చంకల్లో గింజల్లా ఉంటాయి, తీసెయ్, వాసనొస్తాయి.
కార్జం చూడు. తెల్ల చుక్కలుంటే
మొత్తం పారెయ్.

నేను పనిచేసే కోళ్ళ ఫ్యాక్టరీలో
నిమిషానికి నూట నలభై కోళ్ళు
తలకిందులుగా నా ముందు నుంచి పోతాయి.
తెల్లకోటు వేసుకుని చూస్తాను, టిక్కు పెడతాను.
ఒక్కదాని బరువూ నా చేతికి తెలీదు.

రెండోదాన్ని నా ముందుకి తోసింది వెర్నా.
నేను అనుకోకముందే
బొటనవేలు పొట్టలోకి దూరి
పేగులన్నీ ఒక్క లాగుకి బయటికి తెచ్చింది,
చేదుకట్టు చితక్కుండా.

ఆమె నా చేతిని చూసింది.
"మీవాళ్ళు ఇవి తినేవాళ్ళా?"

ఈ దేశమొచ్చి పన్నెండేళ్ళు.
ఆ ప్రశ్న ఏ వేషంలో వచ్చినా లేదనే చెప్పాను.
తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఒకాయన
మీ ఇంటిపేరేంటని అడిగితే
పులిహోర అయిపోతుందని లేచిపోయాను.

బళ్ళో నా పేరు పెంచలయ్య కాదు, ఎలకలోడు.
మా తాత తిరుపాలు కోవూరు వరిచేలల్లో
బొక్క మూతికి కుండ ఆనించి పొగ ఊదేవాడు,
దగ్గుతూ ఊదేవాడు,
రెండో బొక్క దగ్గర వల పట్టుకుని నేను.
ఎలకలు మావి. అవి దాచుకున్న వడ్లూ మావేనని
ఆసామితో మాట.
తోలు ఒలిచేవాళ్ళం కాదు,
వరిగడ్డి మంటలో బొచ్చు కాల్చేవాళ్ళం.

"ఇవి కాదు," అన్నాను.
"ఎలకలు. పొలం ఎలకలు."

అన్నాక ఆ మాట
బల్ల మీద, ఉడుతల పక్కన, అలా పడుంది.

వెర్నా కత్తిని ప్యాంటుకి తుడుచుకుంది.
"గ్రేవీనా, వేపుడా?" అంది.

ముసలిదాన్ని ఉప్పునీళ్ళలో ఉడకేసింది.
లేతవి రెండూ పిండిలో దొర్లించి
పందికొవ్వులో వేయించింది,
మూకుడు అడుగున మాడిన పిండికి పాలు పోసి కలిపింది.
నేను మా ఇంటికెళ్ళి వెల్లుల్లి, కారం తెచ్చాను.
తాత ధనియాలపొడి ఎంత వేసేవాడో గుర్తు రాలేదు.
అసలు వేసేవాడో లేదో.
ఉప్పూ కారమే అయ్యుంటుంది,
అదీ ఉన్న రోజున.

వెర్నాకి కారం నషాళానికెక్కి కళ్ళ నీళ్ళు తిరిగాయి.
ఇంకో తొడ తీసుకుంది.
"ఆ కుండ ఎలా ఉండేదో చెప్పు."

చేతులతో చూపించాను,
ఇంత మూతి, ఇక్కడ చిల్లు.
గోళ్ళ కింద ఇంకా
బూడిదరంగు వెంట్రుకలున్నాయి.